జర్నలిజం పీజీ విశ్వవిద్యాలయంలో చదవాలా, పత్రికల శిక్షణలో చేరాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు

పాలమూరు పట్టభద్రుడు:
మహబూబ్‌నగర్‌లో తెలుగు మాధ్యమంలో ఈ ఏడాదే బీఏ పూర్తి చేశాను. తెలంగాణ విశ్వవిద్యాలయాల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ ఎంఏలో చేరాలన్నది నా కోరిక. ఇంట్లో పెద్దలు మాత్రం, దినపత్రికలు సొంతంగా నడిపే జర్నలిజం పాఠశాలల్లో చేరితే నేర్చుకుంటూనే భృతి కూడా పొందవచ్చు కదా, రెండేళ్లు హాస్టల్లో ఉండి చదివినా చివరికి చేరేది వార్తలు దిద్ది పేజీలు కూర్చే అదే డెస్కులో కదా అంటున్నారు. వారి మాట కొట్టివేయదగినది కాదు. ఈ రెండు దారుల్లో దేనిలోనైనా నడిచినవారు, అక్కడ నిజంగా ఏం నేర్చుకున్నారో, దానిలో ఏది తరవాత పనికి వచ్చిందో చెప్పగలరా?

డెస్కు మనిషి:
మీ పెద్దలు అడిగినది సరైన ప్రశ్నే. నేను ఉస్మానియాలో బీసీజే (జర్నలిజం డిగ్రీ) చదివి, ఆ తరవాత ఒక దినపత్రిక శిక్షణలో చేరాను కనుక రెండింటినీ దగ్గరనుంచి చూశాను. పత్రిక శిక్షణలో నేర్పేది పని. ఇంట్రో, అంటే వార్త మొదటి పేరా, ఎలా ఎత్తుకోవాలి, రెండు కాలాల శీర్షికలో ఎన్ని అక్షరాలు పడతాయి, విలేఖరి పంపిన పెద్ద వార్తను సారం చెడకుండా ఎలా కుదించాలి, ఎడిషన్ సమయానికి పేజీ ఎలా వదలాలి అన్నవి అక్కడ పట్టుబడినంత వేగంగా విశ్వవిద్యాలయంలో పట్టుబడవు. విద్యార్థులు తెచ్చే ల్యాబ్ జర్నల్ నెలకొకసారి వెలువడితే గొప్ప. డెస్కులోనైతే ప్రతి రాత్రీ పేజీ పూర్తికావలసిందే. భృతి ఇచ్చే సంస్థల్లో కొన్ని, శిక్షణ తరవాత కొంతకాలం తమ దగ్గరే పనిచేయాలని ఒప్పందం రాయించుకుంటాయి. చేరేముందు ఆ కాగితాన్ని ఇంట్లోవారితో కలిసి పూర్తిగా చదవండి.

విశ్వవిద్యాలయం నాకు ఇచ్చినది చట్టం. జిల్లా డెస్కుకు మైనరు బాలికపై జరిగిన నేరం గురించి వార్త వస్తుంది. విలేఖరి జాగ్రత్తగా బాలిక పేరు తీసివేసి, తండ్రి పేరూ ఆయన వృత్తీ వీధీ రాసి పంపుతాడు. ఊళ్లోవారు గుర్తుపట్టడానికి ఇంకేం కావాలి? పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టంలోని 23వ సెక్షన్, పేరుతో పాటు చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు వంటి ఆనవాళ్లు వేటినీ మీడియా బయటపెట్టరాదంటుంది. అత్యాచార బాధితులు పెద్దవారైనా ఇటువంటి నిషేధమే ఉంది. పాత శిక్షాస్మృతిలో 228ఏగా ఉన్న ఆ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వదిగా అమలవుతున్నది. శిక్షణలో ఈ విషయం ‘పేరు వేయకండి’ అన్న ఒక్క హెచ్చరికతో ముగిసింది. ఉస్మానియాలో మా ప్రొఫెసర్ మాత్రం చట్ట పాఠాన్ని మా చేతికిచ్చి, ఆ వారపు పత్రికలు ముందేసుకుని ఉల్లంఘనలు ఏరమన్నారు. నేటికీ నేర వార్త నా ముందుకు వస్తే మొదట చూసేది ఆ ఆనవాళ్లనే.

మండల విలేఖరి:
డెస్కు మనిషి గారి మాటతో నాకు పేచీ లేదు కానీ, ఇక్కడ ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ వార్తను పంపే మనిషికి విశ్వవిద్యాలయమూ లేదు, పత్రిక పాఠశాలా లేదు. తెలుగు పత్రికలకు మండల వార్తలు అందించేవారిలో ఎక్కువమంది కంట్రిబ్యూటర్లు. నెలజీతం ఉండదు, వచ్చే పారితోషికం పెట్రోలుకు చాలదు, పండగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తెమ్మన్న ఒత్తిడి మాత్రం తప్పదు. ఎంఏ చదివినవారు ఎవరూ ఈ పనికి రారు, రమ్మనడమూ న్యాయం కాదు. అయితే సిద్ధాంతాలు చదివినవారు మండలంలో వార్త ఎలా పుడుతుందో చూడకుండానే డెస్కులో కూర్చోవడం నాకు మింగుడుపడదు. ప్రకటన ఇచ్చే నాయకుడి మీదే వార్త రాయవలసివచ్చినప్పుడు ఏం చేయాలో ఏ పాఠ్యపుస్తకంలో ఉంది?

మాస్ కామ్ అధ్యాపకురాలు:
మండల విలేఖరి గారూ, ఆ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. దానిని అధ్యయనం చేయవలసిన చోటు మాత్రం విశ్వవిద్యాలయమేనని నా నమ్మకం. పత్రిక పాఠశాల తన సంస్థ ఆదాయ పద్ధతిని విమర్శించే పరిశోధన చేయించదు, చేయించాలని ఆశించలేము.

ఒక ఉదాహరణ చెప్తాను. మెకూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్‌లో ఎటూ తేల్చుకోని ఓటర్లను ప్రశ్నించి, వారు ముఖ్యమని చెప్పిన అంశాలకూ మీడియా ప్రాధాన్యమిచ్చిన అంశాలకూ ఉన్న పొందికను చూపారు. 1972లో అచ్చయిన ఆ పరిశోధననే, మీడియా దేనికి ప్రాధాన్యమిస్తే జనం దానినే ముఖ్యమనుకుంటారన్న అజెండా సెట్టింగ్ సిద్ధాంతం పేరుతో అన్ని తరగతుల్లోనూ చెప్తారు, విద్యార్థులు పరీక్షకు బట్టీపట్టి మరిచిపోతారు. అదే సిద్ధాంతాన్ని తెలుగు పత్రికల మీద పెట్టి చూడండి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. ఊరి వార్తకు చోటు పెరిగింది, కానీ ఒక జిల్లాలోని తాగునీటి గోడు పక్క జిల్లా పాఠకుడికి కనబడకుండా పోయింది. మరోవైపు 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు తమ పాఠాల్లోని సారా కథను తమ ఇళ్ల కథగా గుర్తించి దుబగుంటలో సారా దుకాణాన్ని ఎదిరించినప్పుడు, ఆ వార్త జిల్లా పేజీ దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. జిల్లా పేజీలో ఆగిపోవలసిన వార్త ఏది, దాటవలసినది ఏది అని నిర్ణయించేవారు ఎవరు, ఎందుకు? ప్రకటనల ఒత్తిడి ఆ నిర్ణయంలో ఎక్కడ పనిచేస్తుంది? మీ మండలమే దీనికి పరిశోధనా క్షేత్రం. ఇటువంటి డిసర్టేషన్లు (పీజీ పరిశోధన వ్యాసాలు) మా దగ్గరకు అరుదుగా వస్తాయి. ఎక్కువమంది ‘యువతపై సోషల్ మీడియా ప్రభావం’ అన్న శీర్షికతోనే వస్తారు, అది చదివి చదివి మాకూ విసుగెత్తింది.

గచ్చిబౌలి విద్యార్థిని:
మీడియా చదువంటే పత్రికే అన్నట్టు చర్చ సాగుతున్నది కనుక ఈ మాట చేరుస్తున్నాను. నేను హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ ఎంఏ చదువుతున్నాను. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా; బోధన, పరీక్షలు ఆంగ్లంలోనే. ఇక్కడ నాకు బాగా ఉపయోగపడినది కమ్యూనిటీ రేడియో, అంటే ఒక ప్రాంతంవారి కోసం స్థానికంగా నడిపే చిన్న రేడియో. విశ్వవిద్యాలయానికి బోల్ హైదరాబాద్ అనే సొంత కేంద్రం ఉంది. అక్కడ మైకు ముందు నిలబడితేనే, రాసిన వాక్యం వినడానికి ఎంత బరువుగా ఉంటుందో తెలుస్తుంది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి 2006లో గానీ రాలేదు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో మొదలైంది. విత్తనాల గురించీ పంటల గురించీ వారు తమ యాసలోనే మాట్లాడుకుంటారు. చట్టమూ సాంకేతికతా స్థానిక జ్ఞానమూ ఒకేచోట కలిసిన ఆ కేంద్రం గురించి చదివితే, మీడియా విధానం అనే పేపరు ఎందుకు పెట్టారో అర్థమవుతుంది. కమ్యూనిటీ రేడియోకు సొంతంగా వార్తలు ప్రసారం చేసే అనుమతి లేదన్నది మా తరగతిలో ఎప్పటికీ తెగని వాదన.

అనంతపురం నివాసి:
నేను తిరుపతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివి, ఏ పత్రికలోనూ చేరకుండా, పోషకాహారం మీద పనిచేసే ఒక ప్రాజెక్టులో సమాచార విభాగంలో ఉన్నాను. అంగన్‌వాడీ కార్యకర్తలకు కరపత్రం రాయడం, అది గ్రామంలో ఎవరికి అర్థమైందో వెళ్లి అడగడం నా పని. ప్రశ్నావళి తయారీ, నమూనా ఎంపిక చదువులో నేర్చుకున్నవే. పత్రిక శిక్షణకు వెళ్లి ఉంటే ఈ ఉద్యోగానికి నేను దరఖాస్తు కూడా చేయలేకపోయేదాన్ని. అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ రాసి అధ్యాపక వృత్తిలోకి వెళ్లాలన్నా పీజీ తప్పనిసరి.

ఢిల్లీ తెలుగు:
కొందరు ఢిల్లీలోని ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) గురించి కూడా అడుగుతుంటారు. 1965లో మొదలైన ఆ సంస్థలో ఆంగ్లం, హిందీలతో పాటు ఒడియా, మరాఠీ, మలయాళం, ఉర్దూ జర్నలిజం కోర్సులు ఉన్నాయి. నేను చదివిన నాటికి తెలుగు లేదు. తెలుగులో రాయాలనుకునేవారు ఈ సంగతి ముందే గమనించుకోవాలి.

పాలమూరు పట్టభద్రుడు:
అందరికీ కృతజ్ఞతలు. ఎంఏ వైపే మొగ్గుతున్నాను. నా సందేహాలు రెండు మిగిలాయి. సిద్ధాంత గ్రంథాలు ఎక్కువగా ఆంగ్లంలోనే ఉన్నాయి కదా, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు నెగ్గుకొస్తారా? చదువుతుండగానే డెస్కు పనికి సిద్ధం కావాలంటే ఏం చేయాలి?

మాస్ కామ్ అధ్యాపకురాలు:
నెగ్గుకొస్తారు, కానీ మొదటి సెమిస్టరు కష్టంగానే గడుస్తుంది. పుస్తకం మొత్తం చదవాలని పూనుకోకుండా, ఒక్కొక్క సిద్ధాంతానికి మూలవ్యాసం ఒక్కటి తీసుకుని, దాని సారాన్ని తెలుగులో ఒక పుటలో రాసుకోండి. మీ మండలం నుంచి ఒక ఉదాహరణ దానికి జతచేయండి. పరీక్షలో ఆ ఉదాహరణే మిమ్మల్ని మిగతావారినుంచి వేరుచేస్తుంది.

డెస్కు మనిషి:
రెండో దానికి నేను చెప్తాను. తెలుగు టైపింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి. ఫోనులో ఆంగ్ల అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు డెస్కులో పనికిరాదు. వెబ్‌సైట్లకు యూనికోడ్ అక్షరాలు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక కావాలి. అచ్చు విభాగాల్లో అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు అమరిక ఇంకా నడుస్తున్న చోట్లున్నాయి. వేళ్లకు ఒక అమరిక స్థిరపడ్డాక రెండోది నేర్చుకోవడం అంత కష్టం కాదు. సెలవుల్లో ఏదైనా జిల్లా డెస్కులో ఇంటర్న్‌షిప్ అడగండి. వీలైతే మండల విలేఖరి గారి వంటివారి వెంట ఒకసారి ప్రజావాణికి వెళ్లి, అక్కడ కలెక్టరుకు వచ్చిన అర్జీల్లో మరునాటి పేజీకి ఎక్కినవి ఏవో, ఎక్కనివి ఏవో రాసుకోండి.

మండల విలేఖరి:
రమ్మనండి. బండి నాదే, పెట్రోలు మాత్రం చెరిసగం.