కొత్త రూల్స్ వచ్చాక షిఫ్ట్‌లో ఎవరూ నోరు విప్పట్లేదు, మేనేజర్‌తో ఎలా మాట్లాడాలి?

అందరికీ నమస్తే, నేను జీడిమెట్ల వైపు ఒక టాబ్లెట్ల కంపెనీలో ప్యాకింగ్ సూపర్‌వైజర్ని. కొత్త మేనేజర్ గారు వచ్చాక పది నిమిషాలు లేటైతే హాఫ్ డే కట్, బాత్రూమ్‌కి వెళ్లాలన్నా రిజిస్టర్‌లో రాయాలి, తప్పు ఎవరు చెప్తే వాళ్లకే మెమో. ఇదివరకు బ్యాచ్ మిగిలిపోతే మావాళ్లే ఆగి పూర్తి చేసి వెళ్లేవాళ్లు, ఇప్పుడు బెల్ కొట్టగానే గ్లవ్స్ తీసేసి గేటు దగ్గరుంటున్నారు. అదైనా పర్లేదు గానీ మొన్న స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ డేట్ సగం చెరిగి పడుతుంటే లైన్ మీదున్న ఆవిడ చూసి కూడా చెప్పలేదు, ఏంటమ్మా అని అడిగితే "చెప్తే నాకే మెమో ఇస్తారు కదా సార్" అంది. జనం వేసుకునే మందులండీ అవి! క్వాలిటీ వాళ్లు పట్టుకున్నారు కాబట్టి బయటికి పోలేదు.

మెక్‌గ్రెగర్ అనే అమెరికా మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ 1960లో చెప్పిన థియరీ ఎక్స్, అంటే వెంటపడి భయపెడితేనే పనిచేస్తారనుకునే పద్ధతి, అచ్చం అదే నడుస్తోంది మా దగ్గర.

ఇలాంటి చోట పనిచేసినవాళ్లు చెప్పండి ప్లీజ్, ముందు మెమోల గురించి మాట్లాడాలా, జీతం కోత గురించా? ఒక్కడినే వెళ్లాలా, హెచ్‌ఆర్‌ని కూడా కూర్చోబెట్టాలా? తప్పు చూసి చెప్పినవాళ్ల మీద యాక్షన్ ఉండదని రాతలో పెట్టించినవాళ్లు ఎవరైనా ఉన్నారా, తర్వాత జనం నిజంగా చెప్పడం మొదలుపెట్టారా?