ఘనా స్పీకర్ డి.ఎఫ్. అన్నన్: న్యాయమూర్తి తటస్థత ఆయనలో మిగిలిందా?

సభాపర్వం:
ఘనాలో న్యాయమూర్తులు స్పీకర్లు కావడం పాత ఆనవాయితీ. క్విస్ట్, అకివుమి, ఒల్లెన్ను, గ్రిఫిత్స్-రాండాల్ఫ్, తర్వాత బామ్‌ఫర్డ్-అడ్డో అందరూ బెంచి నుంచి వచ్చినవారే. 1993 జనవరి నుంచి 2001 జనవరి దాకా స్పీకర్‌గా ఉన్న అన్నన్ మాత్రం బెంచికీ స్పీకర్ కుర్చీకీ మధ్యలో రాలింగ్స్ సైనిక ప్రభుత్వంలో, అంటే పీఎన్‌డీసీలో, సభ్యుడిగా పనిచేశారు. 1982 జూన్ 30 రాత్రి ముగ్గురు హైకోర్టు న్యాయమూర్తులను ఎత్తుకెళ్లి చంపారు. ఆ కేసులో మరణశిక్ష పడినవాళ్లలో పీఎన్‌డీసీ మాజీ సభ్యుడు అమార్టే క్వే ఒకడు. అది తెలిసీ ఒక న్యాయమూర్తి అదే పాలకమండలిలో చేరితే, పదేళ్ల తర్వాత ఆయన్ని తటస్థుడని ఎలా నమ్మాలి?

తీరరేఖ:
మీ కోపం న్యాయమైనదే. కానీ ఆయన ఆ ప్రభుత్వంలో ఉండి ఏం చేశారో కూడా చూడండి. జాతీయ ప్రజాస్వామ్య కమిషన్ అధ్యక్షుడిగా 1990లో పది ప్రాంతాల్లోనూ బహిరంగ చర్చలు పెట్టించారు. పార్టీలు వద్దనే ధోరణి రాలింగ్స్‌లో బలంగా ఉన్న రోజులవి. అయినా 1991 మార్చి నివేదిక బహుళ పార్టీల వ్యవస్థనే సిఫారసు చేసింది. దాని మీదే 1992 రాజ్యాంగం నిలిచింది.

సభాపర్వం:
ఆ రాజ్యాంగంలోనే అసలు చిక్కు ఉంది తీరరేఖ గారూ. తాత్కాలిక నిబంధనల్లోని 34వ సెక్షన్ పీఎన్‌డీసీ సభ్యుల మీద కేసులు పెట్టకుండా రక్షణ ఇచ్చింది. ఆ రక్షణ పొందిన వ్యక్తే సభకు అధ్యక్షుడైతే, నాటి బాధితుల గోడు సభలో ఎత్తడానికి ఎవరికి ధైర్యం వస్తుంది?

అధికరణం_95:
34ను సవరించే అధికారం పార్లమెంటుకు లేకుండా 37వ సెక్షన్ తాళం వేసింది. కాబట్టి ఆ విషయంలో స్పీకర్ ఎవరైనా చేయగలిగింది శూన్యం. ఘనా స్పీకర్‌కు ఓటే లేదు, నిర్ణాయక ఓటు కూడా లేదు. ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే (104వ అధికరణం). ఎంపీని స్పీకర్‌గా ఎన్నుకుంటే అతని సీటు ఖాళీ అవుతుంది. బయటివాళ్లకు ఎంపీగా పోటీ చేసే అర్హత ఉంటే చాలు. మన లోక్‌సభతో పోల్చండి. 1977లో నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి పదవి కోసం స్పీకర్ కుర్చీ వదిలాక దాన్ని అందుకున్న కె.ఎస్. హెగ్డే సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తే, కానీ జనతా ఎంపీగా గెలిచి వచ్చారు.

తీరరేఖ:
మొదటి సభ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 1992 అధ్యక్ష ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని ప్రధాన ప్రతిపక్షం ఎన్‌పీపీ పార్లమెంటు ఎన్నికలను బహిష్కరించింది. 200 సీట్లలో రాలింగ్స్ పార్టీ ఎన్‌డీసీకి 189 వచ్చాయి. ఎదుట ప్రతిపక్షమే లేని సభలో స్పీకర్ తటస్థతకు పరీక్ష ఎక్కడుంది?

సభాపర్వం:
పరీక్ష రెండో సభలో వచ్చింది, అప్పటికి ఎన్‌పీపీకి 61 మంది ఉన్నారు. పాత మంత్రులను కొనసాగిస్తే మళ్లీ సభ ఆమోదం అక్కర్లేదని 1997లో ప్రభుత్వ పక్షం వాదించింది. సభలో ప్రతిపక్ష నేత జె.హెచ్. మెన్సా సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ముందస్తు ఆమోదం తప్పదని కోర్టు చెప్పింది. 78వ అధికరణాన్ని చదివి ఆ మాట కుర్చీలోంచి చెప్పాల్సింది మాజీ న్యాయమూర్తి కాదా?

అధికరణం_95:
అదే తీర్పులో, ఎలా పరిశీలించాలన్నది సభే తేల్చుకోవాలని కూడా ఉంది. అయినా ఈ విషయంలో మీతో ఏకీభవిస్తాను. స్పీకర్‌గా ఉన్న ఒల్లెన్ను 1970 ఆగస్టు 7 నుంచి 31 దాకా దేశానికి తాత్కాలిక అధ్యక్షుడిగా ఉన్నారు. స్పీకర్‌కు అంత పెద్ద బాధ్యత మీద పడే అవకాశం ఇప్పటి రాజ్యాంగంలోనూ ఉంది. పాలకమండలిలో పనిచేసినవాళ్లు ఒక పూర్తి పార్లమెంటు కాలం గడిచాకే స్పీకర్ పదవికి అర్హులని రాసుంటే, అన్నన్ 1997లో గౌరవంగా వచ్చేవారు.

తీరరేఖ:
మరి 1993లో ఆ 189 మంది ఎవరిని ఎన్నుకునేవారంటారు?