హోలోగ్రామ్ స్టోరేజ్: పదో పేజీ రాసేసరికి మొదటిది చెరిగిపోతోంది

ఐరన్ కలిపిన 10 మి.మీ. మందం లిథియం నయోబేట్ క్రిస్టల్‌లో 532 నానోమీటర్ల గ్రీన్ లేజర్‌తో పేజీలు (నలుపు, తెలుపు గళ్ల డేటా చిత్రాలు) హోలోగ్రామ్‌లుగా రాస్తున్నాను. పేజీని మోసే కిరణం, క్రిస్టల్‌లో దాంతో కలిసే రిఫరెన్స్ కిరణం, ఈ రెండింటి మధ్య కోణం 30 డిగ్రీలు. ఒక్కో పేజీకి క్రిస్టల్‌ను 0.2 డిగ్రీలు తిప్పుతూ మొత్తం 10 పేజీలు.

పదోది కెమెరాలో చదరంగం బల్లలా స్పష్టంగా కనిపిస్తోంది. మొదటిదాంట్లో మాత్రం నలుపు, తెలుపు గళ్లు కలిసిపోయి బూడిదరంగు మరకే మిగులుతోంది. కొత్త పేజీ రాసే వెలుగే పాతవాటిని చెరిపేస్తుందని తెలుసు. అందుకే మొదట అన్నింటికీ 60 సెకన్ల ఎక్స్‌పోజర్ (రాసే వెలుగు పడే సమయం) ఇచ్చినా, తర్వాత 60 నుంచి 20కి సమానంగా తగ్గిస్తూ చూశాను. చదివే కిరణాన్ని పదో వంతు చేశాను. టేబుల్ అదరడం వల్ల కూడా కాదు, ఒక్క పేజీనే రాస్తే చక్కగా వస్తోంది. రెండు వారాలుగా ఇదే టెన్షన్.

పేజీలన్నీ ఒకే వెలుగుతో రావడానికి ఎక్స్‌పోజర్ సమయాలు లెక్కకట్టాలంటే, ఈ క్రిస్టల్‌లో హోలోగ్రామ్ చెరిగే కాలాన్ని ఎలా కొలవాలి?