అమెజాన్ నల్లమట్టి: మనుషులు చేసిందా, నది తెచ్చిందా? (మారుపేర్లతో జరిగిన ఆన్‌లైన్ చర్చ)

నల్లరేగడి: అమెజాన్ లో సారంలేని ఎర్రనేలల మధ్య అక్కడక్కడా మీటరు లోతు దాకా నల్లమట్టి ఉంటుంది, టెర్రా ప్రెటా అంటారు. బొగ్గు, కుండపెంకులు, చేప ముళ్ళు అన్నీ కలిసి ఉంటాయి. పాత జనమే చేశారని అందరూ అంటుంటే 2021లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే సైన్స్ పత్రికలో కొందరు ఆ మట్టిలోని భాస్వరం, కాల్షియం నది తెచ్చిన ఒండ్రువి, జనం తర్వాత వచ్చారు అని రాశారు. నాకదే సబబనిపిస్తోంది.

పలుగూపారా: ఆ పేపరుకి ఆధారం కాల్దేరావ్ అనే ఒక్క చోటు. నదికి అందని గట్ల మీద కూడా నల్లమట్టి ఉంది కదండీ, ఒండ్రు మెట్లెక్కి వచ్చిందా?

నల్లరేగడి: వేల ఏళ్ళలో నది ఎన్ని దారులు మార్చిందో మీరు చూశారా? ముందు బొగ్గు సంగతి చెప్పండి. అడవి తగలబడినా బొగ్గే వస్తుంది.

పలుగూపారా: అడవి తగలబడితే కుండపెంకులు రావు సార్. మట్టిని చెదరకుండా దిమ్మగా కోసి రెసిన్ (గట్టిపడే జిగురు) పట్టించి 30 మైక్రాన్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టండి, బొగ్గు నలుసు పక్కనే ఎముక తునక కనిపిస్తుంది.

చెదపుట్ట: చెదలు, వానపాములు మట్టిని కిందామీదా చేసేస్తాయి. ఉష్ణమండలంలో పొరల్ని నమ్మితే అంతే సంగతులు.

పలుగూపారా: నేనొకసారి రెండు వారాలు గోతిలో కూర్చుని 14 దిమ్మలు కోశా. మా టీమ్ పెద్దాయన "పెంకు దొరికిందా?" అని అడిగాడు, లేదనగానే గది ఖాళీ చేయాలని పెట్టెలన్నీ బయట పెట్టించాడు. రాత్రి వాన. తెల్లారి చూస్తే అట్టపెట్టెల్లో బురద, పైన నా చేతిరాత లేబుళ్ళు తేలుతున్నాయి.

నల్లరేగడి: పాపం. దానికీ అమెజాన్ కీ ఏంటి సంబంధం?

పలుగూపారా: ఉంది! ఆమ్లం ఎక్కువున్న ఆ నేలల్లో ఎముక చాలామటుకు కరిగిపోతుంది, చెక్క కుళ్ళిపోతుంది, మిగిలేది మట్టీ, అందులో నలుసులే. వస్తువు దొరికితేనే మనుషులున్నట్టు అనుకునే మీలాంటోళ్ళ వల్లే ఈ గోల.

గడ్డిపోచ: 2023లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన పేపరు చూడండి. అమెజాన్ లోని షింగు నది ఎగువన ఉండే కుయికురో ఆదివాసీలు ఇప్పటికీ బూడిద, కర్రపెండలం తొక్కలు, చేప వ్యర్థాలు పోసి కావాలనే ఇలాంటి మట్టి చేసుకుంటారు.

నల్లరేగడి: ఇప్పుడు చేస్తే అప్పుడూ కావాలనే చేసినట్టా? చెత్త పోసిన చోటు దానంతటదే నల్లబడి ఉండొచ్చు.

పలుగూపారా: ఓహో, నది పోయి చెత్త వచ్చిందా! మనుషులే అని ఒప్పుకున్నట్టేగా.

నల్లరేగడి: చేయడం వేరు, తెలిసి చేయడం వేరు. మొదట్నుంచీ నా గొడవ అదే. వాళ్ళ ఉద్దేశం మీ మైక్రోస్కోప్ లో కనపడదు.

పలుగూపారా: మొదట్లో నది అన్నారు, స్క్రోల్ చేసి చూసుకోండి. పాత ఊళ్ళలో నల్లమట్టి పడిన తీరు, ఇప్పటి ఊళ్ళో పడుతున్న తీరు ఒకేలా ఉన్నాయని గడ్డిపోచ చెప్పిన పేపర్లోనే ఉంది, దానికేమంటారు?

చెదపుట్ట: నా వానపాముల సంగతి ఎవరూ పట్టించుకోలేదు.