పాతపట్నం ధాన్యం పర్లాకిమిడి రాకూడదా?

పర్లా కుర్రోడు:
మాది ఒడిశాలోని పర్లాకిమిడి, మామయ్య వాళ్లది ఆంధ్రలోని పాతపట్నం. ఆటో ఎక్కితే వచ్చేస్తాం. 2024లో ఒడిశా ప్రభుత్వం 2,300 మద్దతు ధర మీద క్వింటాలుకి 800 కలిపి ఇవ్వడం మొదలెట్టాక, అటు ధాన్యం ఇటు రాకుండా బళ్లు ఆపేస్తున్నారు. దేశమంతా ఒకే మార్కెట్ అంటారు కదా? తాత రోజుల్లోనూ ఇలాగే ఆపేవారని అమ్మ అంటోంది. నిజమేనా?

గజపతి గడుసు:
తాతల కాలంలో చెక్‌పోస్టులేంటి బ్రో. 1936 దాకా మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీయే.

పాత గుమస్తా:
మీ అమ్మగారు చెప్పింది నిజమే బాబూ. మిల్లులో పద్దులు రాసినవాణ్ణి.

1936లో సరిహద్దు గీసినా ధాన్యాన్ని ఎవరూ అడ్డుకోలేదు. 1900లో నౌపడ నుంచి పర్లాకి వేసి, 1931లో గుణుపురం దాకా పొడిగించిన చిన్న రైలు ఈ కొండపక్క పంటని మెయిన్ లైనుకి దించేది. కట్టడి మొదలైంది రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ కలిపి దక్షిణ జోన్ అన్నారు, అంటే బియ్యం ఆ హద్దు లోపలే తిరగాలి. పాతపట్నం బియ్యం కేరళ దాకా దర్జాగా పోవచ్చు, కూతవేటులో ఉన్న పర్లాకి మాత్రం కుదరదు! 1964లో అదీ పోయి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే జోన్.

పంట మిగిలే రాష్ట్రం నుంచి సరుకు బయటికి పోనివ్వకపోతే అక్కడ ధర దిగుతుంది. సర్కారు చవగ్గా సేకరించి కొరత ఉన్నచోటికి పంపుతుంది. 1965లో ఎఫ్‌సీఐ (కేంద్రం పెట్టిన భారత ఆహార సంస్థ) వచ్చాక సేకరణ ఇంకా పెరిగింది. నన్నడిగితే ఆ చవక భారం మోసింది రైతే.

తనిఖీవాళ్లు బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, అరచేతిలోకి రాలిన గింజలు చూసేవారు. పైన ఉలవలు పోసి కింద బియ్యం కట్టే ఘనులుండేవారు మరి. రైల్లో ఆడవాళ్లయితే మూటని చంటిపిల్లలా కొంగు కప్పి ఒళ్లో పెట్టుకునేవారు. 1977లో జోన్లు ఎత్తేశాక ఆ టెన్షన్ తగ్గింది. మిల్లర్లు బియ్యంలో కొంత వాటా సర్కారుకి కట్టిన ధరకే ఇవ్వాలన్న లెవీ మాత్రం 2015 దాకా సాగింది.

అప్పుడు సరుకు పోకుండా ఆపేవారు, ఇప్పుడు రాకుండా ఆపుతున్నారు. ఆ 800 ఒడిశా ఖజానా నుంచి వెళ్తోంది, పక్క రాష్ట్రం పంటకి ఎందుకిస్తారు?

పర్లా కుర్రోడు:
మామయ్యకి ఇటుపక్క కూడా ఎకరం ఉంది తాతగారూ. దానిమీద అమ్మొచ్చా?

పాత గుమస్తా:
ఆ ఎకరంలో పండింది అమ్మొచ్చు. పట్టా చూపించి, ధాన్యం కొనే సహకార సొసైటీలో పేరు రాయించుకుని టోకెన్ తీసుకోమను. పాతపట్నం చేలో పండింది మాత్రం అందులో కలపొద్దని చెప్పు, ఎకరానికి ఇన్ని బస్తాలని లెక్క చూస్తారు.