దాడి జరిగిన నిమిషంలోనే వీడియో పెట్టడం సరైనదేనా?

దోహాలో జగిత్యాలవాడు

2025 జూన్ 23 రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. ఆ రాత్రి ఖతార్‌లో అమెరికా సైన్యం ఉండే అల్ ఉదైద్ వైమానిక స్థావరంపైకి ఇరాన్ క్షిపణులు వదిలింది. మా భవనంలో కిటికీ అద్దాలు అదిరాయి. గదిలో ఐదుగురం ఉంటాం. నలుగురు మెట్లెక్కి డాబా మీదికి పరుగెత్తారు, తల దాచుకోవడానికి కాదు, వీడియో తీయడానికి.

నేను ఇంటికి ఫోను చేసేలోపే ఆ వీడియో మా ఊరి వాట్సాప్ గ్రూపులోకి చేరిపోయింది. దాని కింద ఎవరో "దోహా తగలబడుతోంది" అని రాశారు. పక్కింటి అబ్బాయి తెచ్చి అమ్మకు చూపించాడు. నా ఫోను కలిసేసరికి ఆమె నోట మాట రావడం లేదు. నిజానికి ఆ రాత్రి ప్రాణనష్టం లేదు. క్షిపణుల్లో దాదాపు అన్నిటినీ ఆకాశంలోనే కూల్చేశారు.

అమ్మ కంగారు ఒక్కటే అయితే ఇక్కడ రాసేవాడిని కాదు. మర్నాడు ఆ వీడియో తీరికగా చూశాను. ఎదురు క్షిపణి ఏ దిక్కు నుంచి లేచిందో అందులో ఉంది. మా వీధి చివరి దుకాణం బోర్డు ఉంది. యుద్ధం ఆ రాత్రితో ఆగకుండా పది రోజులు సాగి ఉంటే ఆ వీడియో ఎవరికి పనికొచ్చేది? తీయడం తప్పని నేను అనను. అప్పటికప్పుడు లోకానికి చూపించడం తప్పు. కొన్ని గంటలు ఆగాలి. మీరేమంటారు?

ఖార్కివ్‌లో చదివిన అమ్మాయి

జగిత్యాల అన్నయ్య గారూ, మీ అమ్మగారి పరిస్థితి అర్థమైంది. మా అమ్మ కూడా అలాగే వణికింది. అయినా మీ మాటతో ఏకీభవించలేను.

2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలయ్యాక ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మా హాస్టల్ సెల్లార్‌లో ఆరు రోజులున్నాం. మార్చి 1 ఉదయం ఫ్రీడమ్ స్క్వేర్‌లోని ప్రాంతీయ పరిపాలన భవనంపై క్షిపణి పడింది. ఆ దృశ్యాన్ని లోకమంతా చూసింది. అదే రోజు ఆ నగరంలోనే కర్ణాటకకు చెందిన వైద్య విద్యార్థి దాడిలో చనిపోయాడు. మార్చి 2న మన రాయబార కార్యాలయం వెంటనే ఖార్కివ్ వదలండి, వాహనం దొరక్కపోతే నడిచైనా సాయంత్రం ఆరింటిలోగా పెసోచిన్, బాబాయె, బెజ్‌లుడోవ్కా చేరండి అని చెప్పింది. పెసోచిన్ 11 కిలోమీటర్లు. మేం నడిచాం.

ఆ ఆరు రోజులూ మా గురించి ఇక్కడ ఎవరికైనా పట్టిందంటే మేం పెట్టిన వీడియోల వల్లనే. విజయవాడలో మా నాన్న నా వీడియో చేతపట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగారు. "మా అమ్మాయి అక్కడుంది" అంటే వినని వాళ్లు, సెల్లార్‌లో నీళ్ల సీసాను నలుగురం పంచుకోవడం చూసి కదిలారు. కొన్ని గంటలు ఆగమని చెప్పడం మీకు తేలిక. ఆ గంటల్లో మేం ఉంటామో లేదో మాకు తెలియదు.

పాత డెస్కు

ఇరవై తొమ్మిదేళ్లు పత్రిక డెస్కులో పనిచేశాను. 2008 నవంబరు 26 రాత్రి నుంచి మూడు రోజులు టీవీ ముందే కూర్చుని ముంబయి వార్తలు రాసుకున్నాం. కమాండోలు ఎటు నుంచి లోపలికి వెళుతున్నారో, తాజ్‌లో బందీలు ఏ అంతస్తులో దాక్కున్నారో చానళ్లు ప్రత్యక్ష ప్రసారంలో చెబుతూ పోయాయి. పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు అదే టీవీ చూస్తూ ఫోనులో దుండగులకు సూచనలిచ్చారు. ఆ సంభాషణలు తర్వాత కోర్టుకు చేరాయి. 166 మంది చనిపోయారు. 2012 ఆగస్టు 29న కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ ప్రసారాలను తీవ్రంగా తప్పుబట్టింది. మీడియాను మీడియానే నియంత్రించుకోవాలన్న వాదనకు ఆ ప్రసారాలే ఎక్కువ చేటు చేశాయని కూడా చెప్పింది. ఆ మాట చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. అది మా గురించే.

దాడి చేసినవాడికి తన దెబ్బ ఎక్కడ తగిలిందో తెలియాలి. అది తెలిస్తేనే రెండో దెబ్బ సరిగా వేస్తాడు. 1944 జూన్‌లో జర్మనీ లండన్ మీదికి వి-1 ఎగిరే బాంబులు వదిలినప్పుడు, అవి నగరంలో ఎక్కడ పడుతున్నాయో పత్రికలు రాయకూడదని బ్రిటన్ కట్టడి చేసింది. దక్షిణ ఇంగ్లండ్‌లో పడ్డాయని మాత్రమే రాసేవారు. మరోవైపు పైకి జర్మనీకి పనిచేస్తున్నట్టు కనిపిస్తూ బ్రిటన్ చేతుల్లో ఉన్న గూఢచారులు, బాంబులు లక్ష్యం దాటి అవతల పడుతున్నాయని జర్మన్లను నమ్మించారు. జర్మన్లు గురి తగ్గించారు. బాంబులు నగరం నడిబొడ్డుకు ఇవతలే పడసాగాయి.

ఆ రోజుల్లో జర్మనీకి గూఢచారి కావలసి వచ్చింది. ఇప్పుడు ఆ పని డాబా మీది మన పిల్లాడు ఊరికే చేసిపెడుతున్నాడు.

వకీలు

పాత డెస్కు గారు లండన్ కథను సగంలో ఆపారు. బాంబులు నడిబొడ్డుకు ఇవతల పడ్డాయన్నారు. ఇవతల ఎవరున్నారు? దక్షిణ లండన్ జనం. క్రోయిడన్ లాంటి చోట్ల ఇళ్లు నేలమట్టమయ్యాయి. తమ నెత్తిన ఎందుకు పడుతున్నాయో వాళ్లకు తెలియదు, వాళ్లను ఎవరూ అడగలేదు. మౌనం పాటించమన్న ప్రతిచోటా ఆ మౌనం ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారో అడగడం నా వృత్తి.

దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2023 జనవరి 1న తూర్పు ఉక్రెయిన్‌లోని మకియివ్కాలో రష్యా సైనికులున్న భవనంపై ఉక్రెయిన్ రాకెట్లు పడ్డాయి. 89 మంది చనిపోయారని రష్యా ఒప్పుకుంది. సైనికులు నిషేధం ఉన్నా ఫోన్లు వాడడమే కారణమని రక్షణ శాఖ ప్రకటించింది. అంతమందిని ఒకే భవనంలో కుక్కిన అధికారుల తప్పు మాటేమిటని రష్యాలో యుద్ధాన్ని సమర్థించే బ్లాగర్లే నిలదీశారు. ఫోను మీద నెపం వేయడం అంత సులువు.

ఇక రెండో సంగతి. 2022 మార్చి 9న ఉక్రెయిన్‌లోని మరియుపోల్ ప్రసూతి ఆసుపత్రిపై బాంబు పడింది. స్ట్రెచర్ మీద గర్భిణిని మోసుకెళుతున్న చిత్రాన్ని అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు బయటపెట్టారు. ఆమె, ఆమె బిడ్డ ఇద్దరూ చనిపోయారు. ఇదంతా నాటకమని లండన్‌లోని రష్యా రాయబార కార్యాలయం ట్విటర్‌లో రాసింది. ఆ దృశ్యాలు వెంటనే బయటికి రాకపోతే అబద్ధమే ముందు ఊరు చుట్టి వచ్చేది.

లిబియా కమాండర్ మహమూద్ అల్ వెర్ఫల్లి విషయం కూడా తెలుసుకోండి. 2017 ఆగస్టులో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అతడిపై అరెస్టు వారంటు ఇచ్చింది. అందుకు ముఖ్య ఆధారం సామాజిక మాధ్యమాల్లో కనిపించిన హత్యల వీడియోలే. అదే ఏడాది యూట్యూబ్ యంత్ర వడపోత సిరియా యుద్ధానికి సంబంధించిన వేల వీడియోలను తుడిచేసింది. వాటిలో ఏది సాక్ష్యమయ్యేదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

మ్యాపుల మనిషి

హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలతో మ్యాపులు తయారుచేసే పని నాది. వీడియో నుంచి చోటు పట్టుకోవడం ఎంత తేలికో చాలామందికి తెలియదు. ఫోనులో లొకేషన్ ఆపేశాం కదా అనుకుంటారు. అది సరిపోదు. నీటి ట్యాంకు ఆకారం, కరెంటు స్తంభాల వరుస, మసీదు మీనారు, దుకాణం బోర్డు మీది సగం అక్షరాలు, నీడ వాలిన దిక్కు చాలు. ఒకే పొగను రెండు డాబాల మీది నుంచి ఇద్దరు తీస్తే, ఆ రెండు చూపుల గీతలు కలిసిన చోటే పేలుడు. మెరుపుకూ చప్పుడుకూ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెడితే దూరం తెలుస్తుంది, సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున. నేర్చుకున్నవాడికి గంట కూడా పట్టదు.

2023 మే 16 తెల్లవారుజామున కీవ్‌పై పెద్ద దాడి జరిగింది. గగనతల రక్షణ వ్యవస్థ పనిచేస్తున్న దృశ్యాలను పెట్టినవారిని ఉక్రెయిన్ భద్రతా సంస్థ గుర్తించి విచారించింది. 2024 జనవరి 2 దాడి సమయంలో నివాస భవనాలకు బిగించిన రెండు కెమెరాల్లోకి రష్యా చొరబడి చూసిందని అదే సంస్థ చెప్పింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి దాదాపు 10,000 కెమెరాలను ఆపించామని కూడా చెప్పింది. అపార్ట్‌మెంటు గేటు కెమెరా కోసం ఒక దేశం సైన్యం చొరబడుతోందంటే, మనం చేతికందించే వీడియోకు విలువ లేదని ఎలా అనుకుంటాం?

వకీలు గారు చెప్పిన సాక్ష్యాలేవీ ఒక పూట ఆలస్యమైతే చెడిపోయేవి కావు. వెర్ఫల్లి వారంటు వీడియోలు వచ్చిన నిమిషంలో రాలేదు.

వకీలు

చెడిపోవు, నిజమే. తీసినవాడు ఆ పూట బతికుంటేనే. ఫోను లాక్కోకుంటేనే.

పాత డెస్కు

ఒక్క మాట కలుపుతాను. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైన తర్వాత మూడు రాత్రులు నా ఫోనుకు వచ్చిన "దాడి వీడియోల"లో ఎక్కువ భాగం దాడులవే కావు. ఆర్మా 3 అనే కంప్యూటర్ ఆటలోని దృశ్యాలు వచ్చాయి. 2021 నాటి చమురు ట్యాంకర్ పేలుడు గుజరాత్‌లోని హజీరా రేవుపై దాడిగా వచ్చింది. జలంధర్‌లో పొలంలో మంటలు డ్రోన్ దాడి అయ్యాయి. కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఒక్కొక్కటీ ఖండిస్తూ వచ్చింది. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లే కొన్నింటిని నాకు పంపారు. రుజువు చూసుకోకుండా ముందుకు తోయడానికి వాళ్లను పురిగొల్పింది ఆ "అప్పటికప్పుడు" అన్న ఆత్రమే.

ఖార్కివ్‌లో చదివిన అమ్మాయి

నిన్న రాత్రి మీ మాటలన్నీ రెండుసార్లు చదివాను. మొదట రాయనిది ఒకటి ఉంది. ఇప్పుడు రాస్తాను.

ఫిబ్రవరి చివర్లో హాస్టల్ రెండో అంతస్తు కిటికీ నుంచి ఉక్రెయిన్ సైన్యం ట్రక్కులు వెళుతుంటే వీడియో తీశాను. మా వార్డెన్ చూసింది. అరవై దాటిన మనిషి. ఎప్పుడూ మమ్మల్ని కసిరే ఆవిడ, ఆ రోజు కసరలేదు. నా మణికట్టు పట్టుకుని, వచ్చిన కొద్ది ఇంగ్లిషులో, "మీ ముఖాలు తీసుకోండి, మా వీధిని తీయొద్దు" అంది. నా ముందే తుడిపించింది. నాకు కోపం వచ్చింది. మేం వెళ్లిపోతాం, ఆమె ఆ వీధిలోనే ఉండాలి అన్నది పోలండ్ సరిహద్దు దాటాక గాని నాకు తట్టలేదు.

మా నాన్న చేతిలో ఉన్న వీడియోలో గోడ, దుప్పట్లు, మా ముఖాలు ఉన్నాయి. వీధి లేదు. అది పెట్టినందుకు ఈనాటికీ నాకు చింత లేదు. ట్రక్కుల వీడియో పెట్టి ఉంటే ఏమనుకునేదాన్నో తెలియదు.

కానీ ఈ గీత గీసే అధికారం పూర్తిగా ప్రభుత్వాల చేతిలో పెట్టడానికి నేను ఒప్పుకోను. ఉక్రెయిన్‌లో 2022 మార్చిలో చట్టం తెచ్చారు. సైన్యం కదలికలు, మోహరింపు సమాచారం బయటపెడితే జైలు, తీవ్రమైన సందర్భాల్లో 12 ఏళ్ల వరకు. అయినా అక్కడ విలేకరులకు ఒక గడువు చెప్పారు. పౌర నివాసాలపై దాడి అయితే 3 గంటలు, సైనిక స్థావరమైతే 12 గంటలు ఆగి చూపించవచ్చు. ఆగాల్సిన గంటలు అంకెల్లో ఉన్నాయి, అవి ముగుస్తాయి. దీనికి నేను తలవంచుతాను. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ చేసినట్టు క్షిపణి పడిన చోటు నుంచి ఏది చూపించాలన్నా సైనిక సెన్సార్ రాతపూర్వక అనుమతి కావాలంటే, ఆ అనుమతి ఎన్నటికీ రాకపోవచ్చు కదా?

దోహాలో జగిత్యాలవాడు

చెల్లెమ్మా, నువ్వు చెప్పిన గడువు నాకు ఇంతకు ముందు తెలియదు. "కొన్ని గంటలు" అని ఊరికే అన్నాను, ఎన్ని గంటలో చెప్పలేదు. నీ మాటతో నా మాట దిద్దుకుంటున్నాను.

ఒక తేడా మాత్రం మరవకు. నువ్వు విద్యార్థినివి, మేం వీసా మీద పనికి వచ్చినవాళ్లం. గల్ఫ్‌లో గడువులేవీ చెప్పరు. యూఏఈలో పుకార్ల చట్టం కిందికి వస్తే కనీసం ఏడాది జైలు, లక్ష దిర్హాముల జరిమానా. సంక్షోభ సమయంలో అది రెట్టింపు. డాబా ఎక్కిన మా వాళ్లలో ఒకడికి ఇద్దరు ఆడపిల్లలు, అప్పు ఇంకా తీరలేదు. మాకు గీత దాటితే పోయేది మాట్లాడే హక్కు ఒక్కటే కాదు, కూడు కూడా. వకీలు గారూ, మాలాంటివాడు తీసింది ఏం చేయాలి? తుడిచేయాలా?

వకీలు

తుడవవద్దు. మీరున్న దేశపు చట్టం ఏమంటుందో ముందు అక్కడి న్యాయవాదిని అడగండి. దాచడం నేరం కాకపోతే అసలు ఫైలును అలాగే ఉంచండి. కత్తిరించవద్దు, అక్షరాలు ఎక్కించవద్దు. వాట్సాప్‌లో వచ్చిన కాపీ పనికిరాదు, అందులో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన సమయం వివరాలు చెరిగిపోతాయి. ఎక్కడ నిలబడి, ఏ దిక్కుకు తిరిగి, ఎన్ని గంటలకు తీశారో విడిగా కాగితంపై రాసి పెట్టుకోండి. ఆ అమ్మాయి వార్డెన్ చెప్పిన మాటను నా జూనియర్లకు చెబుతాను.

దోహాలో జగిత్యాలవాడు

మా వాడి ఫోనులో అసలు ఫైలు ఇంకా ఉంది. శుక్రవారం సెలవు, అడిగి చూసి డిస్కులోకి ఎక్కిస్తాం. ఊరి గ్రూపులోకి వెళ్లిన కాపీని మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాం. గత నెలలో అదే వీడియో వేరే నగరం పేరుతో, వేరే దాడిగా నాకే తిరిగి వచ్చింది. చివర్లో మా వీధి దుకాణం బోర్డు అలాగే ఉంది.