అప్‌డేట్: తమ్ముడి ఫస్ట్ ఆఫీసర్ ఆఫర్ ఏమైందంటే

మా తమ్ముడికి ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కో-పైలట్‌గా, ఆఫర్ వచ్చింది, బాండ్ మీద సంతకం పెట్టొచ్చా అని అడిగాను కదా. పెట్టలేదు. వేరే కంపెనీలో చేరాడు.

"గ్యారంటీ గంటలు ఎన్నో చూడండి" అని మీలో ఒకరు చెప్పారు. అంటే ఎగిరినా ఎగరకపోయినా నెలకు ఎన్ని గంటల డబ్బు ఖాయంగా ఇస్తారో అని. అసలు కిటుకు అక్కడే ఉంది. ఆఫర్‌లో రాసిన పెద్ద అంకె నెలకు 70 గంటలు ఎగిరితే వచ్చేది. ఫ్లైట్లు తగ్గితే చేతికొచ్చేది 40 గంటల డబ్బే. ట్రైనింగ్ కోసం తీసుకున్న లోన్ ఈఎంఐ మాత్రం తగ్గదు. నచ్చకపోతే వెంటనే మానేయడానికీ లేదు: విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కో-పైలట్ 6 నెలలు, కెప్టెన్ ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. కొత్త కంపెనీలో జీతం కాస్త తక్కువే అయినా గ్యారంటీ 60 గంటలు.

విశ్రాంతి సంగతి అడిగినవాళ్లకు: 2025 జులై నుంచి పైలట్లకు వారానికి 36 గంటలు కాదు, 48 గంటలు ఇవ్వాలి. నవంబర్ నుంచి రాత్రి డ్యూటీలో ల్యాండింగ్‌లు 6 నుంచి 2కి తగ్గించారు. డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దవగానే, ఆ సంస్థకు రాత్రి నిబంధనల్లో ఫిబ్రవరి 10 దాకా సడలింపు ఇచ్చారు. అది మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. నిద్ర చాలని పైలట్‌ను నమ్ముకుని వెనక నూట ఎనభై మంది కూర్చుంటారు.

తమ్ముడికి టైప్ రేటింగ్ ట్రైనింగ్ (ఒక ఫలానా రకం విమానం నడపడానికి ఇచ్చే శిక్షణ) వచ్చే నెలలో మొదలు. సలహా ఇచ్చిన అందరికీ అమ్మ కూడా థాంక్స్ చెప్పమంది.